ఫీల్డు తీగలో ఫ్యూజు

విరుదునగర్,
13 జూన్ 2004

తమ్ముడు సీనివాసన్‌కు,

నిన్ను ఏడేళ్ళుగా అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న ఒకటుంది. మొదటి వరుసలోనే అడిగేస్తాను, లేకపోతే చివరిదాకా వచ్చి మళ్ళీ మింగేస్తాను. తొంభై ఏడులో నేను రాసిన రెండో ఉత్తరం నీకు ఎప్పుడు చేరింది? విజయదశమికి ముందా, తరువాతా?

"తరువాత, నాలుగో దినం" అని మదురై ఆసుపత్రి వరండాలో చెప్పావు. విన్నాను, నమ్మాను. నమ్మకం ఉన్నచోట మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న ఎందుకు లేస్తుందో నాకు తెలియదు.

ఫోనులో అడగవచ్చు. కానీ మీ ఫోను నీ ఇల్లాలు పాపమ్మాళ్ కూర్చునే బల్ల పక్కనే ఉంటుంది. ఆమెకు అరవం చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. నాయన మనిద్దరికీ పలక మీద దిద్దించిన అక్షరాలు ఇలాంటి పనికి వస్తాయని ఆయన అనుకుని ఉండడు.

కొత్తగా రెండు డీసీ మోటార్లు దొరికాయనీ, లేతుకు తగిలించి వేగం పెంచుతూ తగ్గిస్తూ నడిపేలా ఒక పెట్టెకు తీగల గీత గీసి పంపమనీ రాశావు. "కాలేజీలో ఫిజిక్సు చెప్పే అక్క ఉండగా ఇంకెవరిని అడిగేది" అన్నావు. ఆ వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. పోయినసారి కూడా ఇవే మాటలు రాశావు కదా? మూతబడిన మిల్లు నుంచి తెచ్చిన మోటారుకు నేను గీసి పంపాను, నువ్వు కట్టావు. ప్రతి తీగకూ ఒక ఫ్యూజు ఉండాలని క్లాసులో చెప్పే అలవాటు కొద్దీ ఫీల్డు తీగలోనూ ఒక ఫ్యూజు గీశాను. ఫీల్డు అనే చుట్ట మోటారుకు కళ్ళెం. అది పోతే మోటారు ఆగదు, పట్టు తప్పి ఇంకా ఇంకా వేగం అందుకుంటుంది. ఇది పరీక్షల్లో ప్రశ్నగా ఇచ్చినదాన్ని నేను. ఆ సన్న గీత గీసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. వచ్చాక రెండో ఉత్తరం రాశాను: ఫీల్డులో ఫ్యూజు తీసెయ్, తీగ నేరుగా కలుపు, అందాకా మోటారు నడపకు.

విజయదశమి పొద్దున ఆ ఫ్యూజు పోయింది. మోటారు పుల్లీ పగిలింది. ఒక ముక్క పాపమ్మాళ్ ఎడమ కన్ను తీసింది.

నా ఉత్తరం ఎప్పుడు వచ్చింది, సీనూ?

అక్క,
సెల్వలక్ష్మి


కోవిల్‌పట్టి,
25 జూన్ 2004

అక్కా, నమస్కారం.

నువ్వు అడిగిందానికి ముందు జవాబు రాస్తాను: తరువాతనే. నాలుగో దినం. ఇదేందక్కా, ఏడేళ్ళు కడుపులో పెట్టుకోని ఉంటివా? ఒక పోస్టుకార్డు సరిపోయేది కదా!

ఇబ్బుడు మోటార్ల సంగతి. తూత్తుక్కుడిలో ఓడల నుంచి దిగిన పాత సామాన్ల అంగట్లో చూస్తిని. ఉన్నచోటే నిలబడి పరిగెత్తే యంత్రంలోవి అంట. ఎక్కడికీ పోకుండా పరిగెత్తేకి దుడ్డున్నోళ్ళు యంత్రం కొంటారు అని చెప్తే పాపమ్మాళ్ నవ్వి నవ్వి కడుపు పట్టుకునింది. "మా ఊర్లో దీనికి యంత్రం ఏంటికి, రేషను అంగడి క్యూలో నిలబడితే చాలదా" అనింది.

రెండే తీగలు అక్కా. లోపల అయస్కాంతాలు ఉండాయి, ఫీల్డు చుట్టే లేదు. పోయేకి ఫీల్డే లేనబుడు నీ భయం దీనికి ఎట్ల వస్తాది? ఏళాయిరంపన్నై నుంచి పటాసు గొట్టాలు చుట్టే రోలర్లు అడుగుతుండారు. ఇత్తడికి ఒక వేగం, ఇనుముకు ఒక వేగం. లేతు మీద బెల్టు ఒక పుల్లీ నుంచి ఇంకో పుల్లీకి మార్చి మార్చి నా భుజం పోయింది. గుబ్బ తిప్పితే వేగం మారే సుఖం రెండు వారాలు చూసినోణ్ణి, దాన్ని ఎట్ల మరిచేది?

నీకు పనికొస్తాదని పాత కాగితాలన్నీ ఈ కట్టలో పంపిస్తుండాను. పాపమ్మాళే పెట్టెలో నుంచి తీసి దారం కట్టి ఇచ్చింది. నేను విప్పి చూడలేదు, పట్టరైలో లేతు పని ఎక్కువ.

గీత త్వరగా పంపు.

నీ తమ్ముడు,
సీనివాసన్


విరుదునగర్,
4 జూలై 2004

సీనివాసన్‌కు,

కట్ట విప్పాను.

నా మొదటి గీత ఉంది. నూనె మరకలు, నీ పెన్సిలు గుర్తులు. దాని కింద నా రెండో ఉత్తరం, కవరుతో సహా. కవరు నాలుగు మూలలా పసుపు. వెనుక వైపు, మూత అతికే చోట, కుంకుమ బొట్టు. ఆ బొట్టు సగం మూత మీద ఉంది, సగం కవరు మీద ఉంది. మూత చింపినప్పుడు బొట్టు రెండయింది.

అతికి ఉన్న కవరుకు పెట్టిన బొట్టు అది. తెరవని కవరుకు.

దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి చూశాను. కాలేజీకి వెళ్ళి, సాయంత్రం వచ్చి మళ్ళీ చూశాను. ఎన్నిసార్లు చూసినా అదే. పండుగ అయిన నాలుగో రోజున వచ్చిన ఉత్తరానికి ఏ ఇంట్లో పసుపు రాస్తారు, సీనూ? నా ఉత్తరం పూజలో ఉంది. పాపమ్మాళ్ ఆ మోటారు ముందు హారతి పళ్ళెంతో నిలబడినప్పుడు, నడపకు అనే మాట అదే గదిలో, పది అడుగుల దూరంలో, బొట్టు పెట్టించుకుని కూర్చుంది.

నేను తప్పుగా చూస్తున్నానని రాయి. రాస్తే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

సెల్వలక్ష్మి


కోవిల్‌పట్టి,
1 ఆగస్టు 2004

అక్కా,

నాలుగు వారాలు జవాబు రాయలేదని కోపం చేసుకోవద్దు. మూడుసార్లు రాసి చింపితిని. నువ్వు తప్పుగా చూడలేదు.

అష్టమి మధ్యాన్నం పోస్టుమాను ఆండి నీ కవరు తెచ్చి ఇచ్చినాడు. మేము పట్టరై అంతా కడుగుతుండాము. లేతు, డ్రిల్లు, నీ మోటారు, అన్నిటికీ నీళ్ళు కొట్టి తుడిచి విభూతి పూసినాము. సాయంత్రం అక్కడే సరస్వతి ముందర కొలతల పనిముట్లు, ఆర్డర్ల పుస్తకం, నువ్వు గీసిన గీత పెట్టితిమి. నీ కవరు నా చేతిలో ఉండాది. పాపమ్మాళ్ చెప్పింది, "తెరిచి చూడండి, వదినె ఏంటికి రాసిండాదో" అని. నేను, "ఏమి రాస్తాది, బాగుండారా అని రాస్తాది. అక్క చేతిరాత కంటే పెద్ద చదువు మన ఇంట్లో ఏముండాది? పెట్టు" అంటిని. పెట్టినాక దశమి పొద్దుదాకా ఒక అక్షరం చదవకూడదు కదా. నువ్వే ఒక ఏడు, మరునాడు పరీక్ష పెట్టుకోని, పుస్తకం ముట్టకుండా గోడ చూస్తా కూర్చుంటివి. నాయన మురిసిపోయినాడు.

దశమి పొద్దున ఏడున్నర లోపల మంచి గంట. ముందు యంత్రం నడిపి, తరువాత పుస్తకాలు ఎత్తేది మన ఇంటి వాడుక. ఊరికే తిప్పి ఆపేదే కదా అని బెల్టు తీసేస్తిని. మోటారు మీద ఏ బరువూ లేదు. గుబ్బ సున్నా పక్కనే ఉండాది అక్కా, నా బిడ్డల మీద ఒట్టు. స్విచ్చి వేస్తిని. మొదట మామూలు చప్పుడు. తరువాత ఈల మాదిరి లేచింది. గుబ్బ వెనక్కి తిప్పితే తగ్గలేదు. పాపమ్మాళ్ కర్పూరం పళ్ళెం పట్టుకోని, బాగా తిరుగుతాదని నవ్వుతుండాది. నేను మెయిను స్విచ్చికి పరిగెత్తేలోపల పుల్లీ పగిలింది. మోటారు చుట్టలో తడి ఇంకిండాది, ఫీల్డు ఫ్యూజు ఎగిరింది, అది తరువాత చూస్తిని.

ఆమెను కారులో ఎక్కించి, రక్తం అయిన పంచె మార్చుకొనేకి లోపలికి వస్తిని. పూజ అట్లనే ఉండాది. కవరు చింపి చదివితిని. బయట కారు హారను కొడుతుండారు. కవరు పెట్టె అడుగున పెట్టి కారెక్కితిని.

ఇది నీకు చెప్పాల్సింది. ఇంకొకటి ఉండాది, అది దీనికంటే పెద్దది.

ఆసుపత్రిలో కట్టు కట్టినాక పాపమ్మాళ్ నన్ను దగ్గరికి పిలిచి, "తప్పు నాది" అనింది. ఆ పొద్దున ఆమెకు నెల వచ్చి దూరం అయిందంట. చెప్తే హారతి పట్టేకి ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు, పండుగ నిలిచిపోతాదని దాచిపెట్టి పళ్ళెం పట్టుకునిందంట. "అమ్మోరు నా కన్ను తీసుకునింది, మిమ్మల్ని విడిచిపెట్టింది, అది చాలు" అనింది. నేను అవునని చెప్పలేదు అక్కా. కాదని కూడా చెప్పలేదు. ఆ పొద్దు నుంచి ఆమె పట్టరై గడప తొక్కలేదు, ఇంట్లో దీపం ముట్టలేదు. పండగొస్తే పక్కింటి మారియమ్మాళ్ వచ్చి హారతి ఇచ్చిపోతాది.

ఉత్తరంలో ఏముండాదని అడిగితే, పండుగ శుభాకాంక్షలు అని చెప్తిని.

ఇబ్బుడు నువ్వు నన్ను ఏమన్నా అను. కానీ కవరు అంత బాగా చూసినదానివి, ముందు పక్క చూడలేదా? లోపల నీ చేత్తో నువ్వు వేసిన తేదీ సెప్టెంబరు 27. పోస్టాఫీసు ముద్ర అక్టోబరు 8. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి ఉత్తరం వచ్చేకి ఒక దినం. మిగతా పదకొండు దినాలు అది ఎక్కడ ఉండాది? నేను దీన్ని ఆ పొద్దే చూస్తిని. ఏడేళ్ళుగా అడగలేదు.

సీనివాసన్


విరుదునగర్,
22 ఆగస్టు 2004

తమ్ముడా,

నా దగ్గరే ఉంది. నా చేతిసంచీలో.

ఇంత సులువుగా ఒక వాక్యంలో వస్తుందని అనుకోలేదు. నువ్వు చూశావని, చూసి ఏడేళ్ళు ఊరుకున్నావని చదివినప్పుడు కుర్చీలోంచి లేచి తలుపు గడియ వేశాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

27న ఉత్తరం రాశాను. మరునాడు లేబొరేటరీలో చిన్న మోటారు తీసుకుని ఫీల్డు తీగ ఊడదీశాను. అది ఎలా అరిచిందో, అటెండర్ నల్లసామి ఎలా పరిగెత్తుకొచ్చి స్విచ్చి తీశాడో ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంటే 28 నాటికి నాకు తెలుసు. పోస్టు చేయలేదు. ఇంకో పుస్తకం చూద్దామనుకున్నాను. ఫ్యూజు తీసేస్తే చుట్ట కాలిపోతుందేమో, దానికి వేరే ఏర్పాటు కూడా గీసి పంపుదాం, పని సగంలో ఎందుకు అనుకున్నాను. పని పూర్తి చేయలేదు, ఉత్తరమూ పంపలేదు. నీ మోటారు అప్పటికే రోజూ తిరుగుతోంది. అది తెలిసీ రోజూ కాలేజీకి వెళ్ళి వచ్చాను.

నువ్వు వీధిలో అందరికీ చెప్పి ఉన్నావు, మా అక్క గీసిన పెట్టె అని. ఒట్టపిడారం నుంచి ఒకాయన చూసిపోవడానికి వచ్చాడని రాశావు కూడా. ఆ మాట నాకు గుర్తుంది. ఎందుకు గుర్తుందో అడగకు.

అదంతా మనిద్దరి మధ్య. పాపమ్మాళ్ సంగతి అలా కాదు. నీ ఉత్తరంలో ఆ పేరా చదివాక రెండు రోజులు పాఠం సరిగా చెప్పలేకపోయాను. కన్ను పోగొట్టుకున్నది తాను, తప్పు మోస్తున్నదీ తానేనా? అదీ నువ్వూ నేనూ పోగుచేసి పెట్టిన తప్పు! దూరమైన మనిషి పళ్ళెం ముట్టుకుంటే ఫ్యూజు పోతుందా? నీళ్ళు కొడితే పోతుంది. నువ్వు ఐటీఐలో చదివినవాడివి. ఊ అననూ లేదు, ఊహూ అననూ లేదు అని రాశావే, ఆ ఊరుకోవడమే ఆమెను గడప బయట నిలబెట్టింది.

చెప్పు. ఈ వారమే చెప్పు. నా పదకొండు రోజులతో కలిపి చెప్పు.

అక్క


కోవిల్‌పట్టి,
19 సెప్టెంబరు 2004

అక్కా,

నాతో కాలేదు. రెండుసార్లు మొదలు పెడితిని. ఒకసారి ఆమె అన్నం వడ్డిస్తుండాది, ఎడమ పక్క గ్లాసు కనపడక చెయ్యి తగిలి నీళ్ళు ఒలికినాయి. "నా గ్రహచారం" అని నవ్వి తుడిచింది. నేను అన్నం తిని లేచిపోతిని.

ఫ్యూజు సంగతి చెప్తే సహిస్తాది. ఏడేళ్ళు నేను చూస్తా ఊరికే ఉండేది ఎట్ల సహిస్తాది?

నేను చెప్పకపోతే నువ్వే వచ్చి చెప్తావని తెలుసు, రావద్దు అని రాయాలనుకొంటిని. రాయలేదు. అక్టోబరు 3 ఆదివారం పుదూరులో పంపు బిగించే పని ఉండాది, పొద్దున్నే పోతాను, సాయంత్రం దాకా రాను.

మోటార్లు అట్లనే గోనెసంచిలో ఉండాయి.

సీనివాసన్


విరుదునగర్,
7 అక్టోబరు 2004

తమ్ముడు సీనివాసన్‌కు,

ఆ ఆదివారం జరిగింది పాపమ్మాళ్ నీకు ఎంత చెప్పిందో నాకు తెలియదు. నేను చెప్పాల్సింది చెబుతాను.

తొమ్మిదింటి బస్సులో వచ్చాను. నన్ను చూసి "ఏం వదినే, చెప్పకుండా వస్తిరి, ఆయన పుదూరు పోయిండారే" అంది. తెలుసన్నాను. ఆ ఒక్క మాటతో ఆమె చేటలో పప్పు కదపడం ఆపింది.

నేను క్లాసులో మాట్లాడేదాన్ని కదా, వరుసగా చెప్పాను. మోటారుకు కళ్ళెం ఏది, అందులో నేను పెట్టకూడని ఫ్యూజు ఎలా పెట్టాను, కడిగిన తడికి అది ఎలా పోయింది. ఉత్తరంలో ఏముందో, అది ఎక్కడ కూర్చుందో. మధ్యలో ఏడవకూడదని అనుకున్నాను, ఏడవలేదు. అది మంచిదో కాదో.

ఆమె చేట కింద పెట్టింది. తరువాత అడిగింది: "అట్లయితే నాది కాదా?"

"కాదు పాపా."

"నేను పళ్ళెం ముట్టుకొనేదానివల్ల కాదా?"

"కాదు."

"దూరం అయిండేదానివల్ల కాదా?"

"కాదు తల్లీ, కానేకాదు."

సంతోషిస్తుందనుకున్నాను. నిజం. ఆమె ముఖంలో బరువు దిగడం చూడాలని యాభై కిలోమీటర్లు బస్సులో వచ్చానేమో కూడా. ఆమె ముఖం రాయిలా అయిపోయింది.

"పోయినేడు మా అమ్మ పోయింది కదా," అంది. "తల దగ్గర దీపం పెద్ద కూతురు పెట్టాల. అందరూ నన్ను పిలిచిరి. నేను ముట్టలేదు, వదినే. నా చెయ్యి తగిలితే అమ్మకు మంచి దారి దొరకదని భయపడితిని. చెల్లెలు పెట్టింది. కూతురుకు తల్లి మీద ఏం పగనో అని ఊరంతా నా ఎదురుగానే అనుకునింది. మీరు కూడా వస్తిరి ఆ పొద్దు. నా పక్కనే నిల్చుంటిరి."

అవును, నిల్చున్నాను. ఆమె దీపం ఎందుకు వెలిగించలేదో నాకు అప్పుడు తెలియదు. నీకు తెలుసు, సీనూ. నువ్వు కూడా అక్కడే ఉన్నావు. ఈ మాట నిన్ను పొడవడానికి రాయడం లేదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నీ మీద ఆమె ఒకటే అంది: "ఆయన రానీ." గొంతు పెంచలేదు.

తరువాత పప్పు డబ్బాలో పోసి, మూత బిగించి, నా వైపు తిరిగింది. కుడి కన్ను నన్ను చూస్తోంది. "ఆ ఉత్తరం పదకొండు దినాలు మీ సంచీలో ఏంటికి ఉండాది, వదినే?"

సరిచూసుకుంటున్నానని చెప్పాను.

"సరిచూసేకి ఒక దినం చాలదా? మీరు కాలేజీ టీచరు కదా."

ఆమె జవాబు కోసం కాసేపు ఎదురుచూసింది. పరీక్షలో పిల్లలు తెల్లకాగితం ఇచ్చేముందు నేను అలాగే ఎదురుచూస్తాను. తరువాత లేచి అన్నం వడ్డించింది. తిన్నాను. ఆమె ముందు తినకుండా లేవడానికి ధైర్యం లేకపోయింది.

బస్సు ఎక్కించడానికి వచ్చింది. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ కొత్త మోటార్లకు గీత పంపండి" అంది. నేను విన్నది నమ్మలేక, "ఏమిటి?" అన్నాను. "గీత. కానీ ఆయనకు కాదు, నాకు పంపండి. అరవంలో రాసి. ప్రతి తీగ ఏంటికి ఉండాదో, పోతే ఏమైతాదో రాయండి. నేను చదివి తెలుసుకున్నాకే స్విచ్చి వేసేది."

అందుకే ఈ కవరుతో పాటు ఇంకో కవరు ఆమె పేరు మీద పోస్టు చేస్తున్నాను. నువ్వు తెరవకు. అయస్కాంతాల మోటారు కాబట్టి ఫీల్డు బాధ లేదు. ఆర్మేచర్ అనే తిరిగే చుట్ట వైపు ఫ్యూజు ఒకటి, అది పోతే మోటారు ఆగుతుంది. కరెంటు పోయి వస్తే తనంతట తాను తిరగకుండా, గుబ్బ సున్నాకు తెచ్చి బటను నొక్కితేనే మొదలయ్యేలా గీశాను. పుల్లీ చుట్టూ మందపు రేకు కప్పు. ఏదైనా తప్పుంటే ఏ గంటకు తోస్తే ఆ గంటకే ఫోను చేస్తానని, ఫోను తానే ఎత్తాలని ఆమెకు రాశాను. ఈసారి నాలుగు రోజుల్లో గీశాను, గీసిన సాయంత్రమే పోస్టు చేస్తున్నాను.

నువ్వు ఇంట్లో ఎలా ఉన్నావో రాయి. ఆమె మాట్లాడుతోందా? మాట్లాడకపోతే నువ్వే మాట్లాడు, సగంలో ఆపకు.

ఇన్నాళ్ళూ నా ఉత్తరం నీకు ఎప్పుడు చేరిందో తెలిస్తే చాలు, నాకు నిద్ర పడుతుందనుకున్నాను. తెలిసింది. నువ్వు పూజలో పెట్టింది ఒక్క రాత్రీ ఒక్క పగలూ, మళ్ళీ ఒక రాత్రి. దాన్ని కప్పిపెట్టింది ఏడేళ్ళు. దానికి నీ లెక్క నువ్వు చెప్పుకోవాలి. నా పదకొండు రోజులకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. నిజంగానే సందేహం తీరక పెట్టుకున్నాను, అది ఒకటి. అక్క గీత తప్పని మీ వీధికి తెలియకూడదని పెట్టుకున్నాను, అది రెండు. పొద్దున మొదటిది నిజమనిపిస్తుంది, క్లాసు నుంచి వచ్చేసరికి రెండోది. పాపమ్మాళ్ అడిగినప్పుడు ఏది చెప్పినా అబద్ధం అయ్యేది. ఇప్పటికీ ఏది నిజమో నేను తేల్చుకోలేకపోతున్నాను.

అక్క,
సెల్వలక్ష్మి